ముందు కాగితం చూపించండి

పోయిన ఏడాది మన బడిలో జరిగిన వక్తృత్వ పోటీలో అంశం "రోడ్లు, రైళ్లు, విమానాశ్రయాల నిర్మాణంలో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం". చీటీ తీస్తే నాకు "అనుకూలం" వచ్చింది. ఐదు నిమిషాలు గట్టిగా మాట్లాడాను. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, ప్రైవేటు వాళ్ల దగ్గర డబ్బూ ఉంది తెలివీ ఉంది, ఇద్దరూ చేయి కలిపితే దేశం పరుగెడుతుంది అన్నాను. చప్పట్లు కొట్టారు. రెండో బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చారు. వెనక వరుసలో కూర్చున్న మా బాపు కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంటికి పోతుంటే బండిలో అడిగాడు.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. గని నాకొక్కటి చెప్పు. ఆ నాకా మీద నేను కట్టే పైసలు ఇంకెన్నేండ్లు కట్టాలె? ఎప్పుడు బందైతది?"

నాకు తెలియదు. ఐదు నిమిషాల ఉపన్యాసంలో ఆ ఒక్క ముక్క లేదు.

బాపుది ఛోటా హాథీ బండి. తెల్లారగట్ల కూరగాయలు, మధ్యాహ్నం కిరాణా సరుకు, దొరికితే సాయంత్రం ఎవరిదైనా ఇల్లు మారే సామాను. ఆయన పోయే దారిలో ఒక టోల్ నాకా ఉంది. పేరు ఎందుకులెండి. రెండు ట్రిప్పుల టోల్ అంటే మా ఇంట్లో ఒక రోజు పాలు, కూర ఖర్చు. ఇదివరకు చీటీలు ఇచ్చేవాళ్లు, వాటిని అద్దం పైన గుచ్చి పెట్టేవాడు. ఇప్పుడు ఫాస్టాగ్ వచ్చింది కాబట్టి ఫోనుకు మెసేజ్ వస్తుంది, నేను చదివి లెక్కల పుస్తకంలో రాస్తాను. పోయిన వానాకాలం ఆ రోడ్డు ఒక పక్కంతా తవ్వి నెలల తరబడి వదిలేశారు. బండ్లన్నీ మిగిలిన సగం మీద ఎదురెదురుగా పోయాయి. రోడ్డు సగమైంది గానీ టోల్ సగం కాలేదు. ఇది ఎప్పటిదాకా అని బాపు నాకా మీద ఉన్న పిల్లగాణ్ని అడిగితే "మలా మాహిత్ నాహీ, వర్ విచారా" అన్నాడట. తనకు తెలియదట, పైన అడగాలట. ఆ పైన అనేది ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నా ఉపన్యాసం నాకే నచ్చకుండా పోయింది. అందుకే ఈ వ్యాసం. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వలేను, అమ్మ దాంట్లో కందిపప్పు పోసేసింది.

భాగస్వామ్యం అనే మాట దగ్గరే మొదలుపెడతాను. మా తాతది మంచిర్యాల దిక్కు పల్లె. బొగ్గు గనుల్లో పనికి ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊళ్లో ఉన్న కొంచెం పొలం పాలుకు ఇచ్చేవాడు. పాలు అంటే పండితే ఇద్దరూ పంచుకుంటారు, ఎండితే ఇద్దరికీ ఏమీ రాదు. వాన భయం ఇద్దరికీ ఉంటుంది. దాన్ని భాగస్వామ్యం అంటే నాకు అర్థమవుతుంది.

రోడ్ల సంగతి ఇలా ఉంటుంది. ప్రభుత్వం భూమి సేకరించి ఇస్తుంది. కంపెనీ రోడ్డు వేసి, కొన్నేళ్లు టోల్ వసూలు చేసుకుని, గడువు తీరాక రోడ్డును తిరిగి ఇచ్చేస్తుంది. దీన్ని బీఓటీ అంటారు. వచ్చే టోల్ చాలదు అనుకుంటే ప్రభుత్వమే ముందుగా కొంత సొమ్ము ఇస్తుంది. 2016 నుంచి జాతీయ రహదారుల్లో ఇంకో పద్ధతి వచ్చింది. కట్టేటప్పుడే ఖర్చులో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది తర్వాత వాయిదాల్లో వడ్డీతో ఇస్తుంది. కంపెనీ తెచ్చే డబ్బయినా సొంత పెట్టెలోంచి తీసేది తక్కువ, బ్యాంకు అప్పు ఎక్కువ. ఆ బ్యాంకుల్లో పెద్దవి ప్రభుత్వ బ్యాంకులు. మా తాత పింఛను పడేది కూడా అలాంటి బ్యాంకులోనే. అంటే భూమి మనది, డిపాజిట్ మనది, టోల్ మనది. ఇన్ని మనవి అయినప్పుడు ఒప్పంద పత్రం మనకు కనపడాలా వద్దా?

ఈ ప్రశ్న నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1883లోనే ఒకరు అడిగారు. అదీ మన ఊరి పేరు మీద పెట్టిన పథకం గురించే అడిగారు. ఈ సంగతి చదివినప్పుడు నేను నిజంగా కుర్చీలోంచి లేచాను. మన చంద్రపూర్‌ను అప్పట్లో చాందా అనేవాళ్లు, ఇప్పటికీ పెద్దవాళ్లు అంటారు. హైదరాబాద్ రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు 1874లో వచ్చింది. దాన్ని ఇంకా పొడిగించి చాందా దాకా తేవాలని ఆలోచన. చరిత్రలో దాని పేరే చాందా రైల్వే పథకం. డబ్బు లండన్‌లో పుట్టాలి, కంపెనీ అక్కడే పెట్టాలి. మరి ఇంగ్లండులో ఉన్నవాడు తెలియని రాజ్యంలో డబ్బు ఎందుకు పెడతాడు? అందుకని నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లు ఖజానా నుంచి ఇస్తామని మాట. ఆ రైల్వే పేరులోనే ఆ పూచీ ఉంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్లు అంతకుముందే మన దేశంలో మొదలుపెట్టారు. బొంబాయి నుంచి మన నాగపూర్ దాకా 1867లో వచ్చిన జీఐపీ రైల్వే కూడా ఉచితంగా భూమి, 5 శాతం పూచీ తీసుకుని కట్టిందే. రైలు ఖాళీగా తిరిగినా వాటాదారుడి వడ్డీ ఆగదు, కట్టేది మాత్రం ఇక్కడి రైతు శిస్తు. దాదాభాయ్ నౌరోజీ లాంటివాళ్లు ఈ దేశం సొమ్ము బయటికి పోతోందని లెక్కలు కట్టిన వాటిలో ఇలాంటి వడ్డీలూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఈ బేరం గుట్టుగా నడిచింది. మాటలు మొదలుపెట్టిన దివాను మొదటి సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో చనిపోయారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పుడు పదహారేళ్లు, అధికారం ఇంకా చేతికి రాలేదు. అంటే నాకన్నా ఒక్క ఏడాది పెద్దవాడు. అలాంటప్పుడు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ అనే కళాశాల ప్రిన్సిపాల్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ఇంకొందరు చదువుకున్నవాళ్లు కలిసి ఒక సంఘంగా కూర్చున్నారు. అఘోరనాథ్ అంటే సరోజినీ నాయుడు తండ్రి. రైలు వద్దని వాళ్లు అనలేదు. షరతులేమిటో చెప్పండి, కాగితాలు బయట పెట్టండి, జనం చర్చించాక సంతకం పెట్టండి అన్నారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటంటే, 1883 మే 20న అఘోరనాథ్‌ను రాజ్యం దాటించి పంపేసింది. తర్వాత కొన్నాళ్లకు రానిచ్చారు, ఉద్యోగమూ ఇచ్చారు. కానీ అప్పటికి ఒప్పందం అయిపోయింది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. చాందా పేరుతో మొదలైన ఆ రైలు చాందాకు రాలేదు. వరంగల్ మీదుగా, సింగరేణి బొగ్గు దగ్గరికి ఒక కొమ్మ వేసి, 1889కల్లా బెజవాడ చేరింది. కాజీపేట నుంచి మన బల్లార్షా దాకా పట్టాలు కలిసింది 1929లో. నలభై ఆరేళ్లు! పూచీ మీద వడ్డీ మాత్రం ఆలస్యం కాలేదు. చివరికి 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. ఇప్పుడు మనం పెళ్లిళ్లకూ, బతుకమ్మకూ కాగజ్‌నగర్, మంచిర్యాల, వరంగల్ పోయే దారి అదే. దాని మీద వెళ్లే ప్రతిసారీ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఊరు విడిచిపోయిన ఆ ప్రిన్సిపాల్ గారు నాకు గుర్తుకొస్తారు.

అది రాజుల కాలం, ఇప్పుడట్లా కాదు అంటారా? హైదరాబాద్ మెట్రో సంగతి చూడండి. మనలో సగం మందికి అక్కడ చిన్నమ్మో మేనమామో ఉన్నారు కాబట్టి మనం ఎక్కిన రైలే. 2008లో దానికి టెండరు పిలిచారు. మిగతా కంపెనీలు మాకు ప్రభుత్వం ఇంత సాయం చేయాలి అని అడిగితే, మేటాస్ అనే కంపెనీ నడిపిన కూటమి మాకు రూపాయి వద్దు, మేమే ప్రభుత్వానికి కొన్నేళ్లలో 30,311 కోట్లు ఇస్తాం అంది. పేపర్లన్నీ అబ్బో అన్నాయి. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారికి మాత్రం అనుమానం వచ్చింది. ప్రపంచంలో ఎక్కడా మెట్రో టికెట్ల మీద ఇంత రాదు, వీళ్ల కన్ను మెట్రోతో పాటు ఇచ్చే భూముల మీద ఉందని ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? క్షమాపణ చెప్పమంది, పరువు నష్టం దావా వేస్తామంది. కొన్ని నెలలకే, 2009 జనవరిలో, సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. మేటాస్ ఆ కుటుంబానిదే. జూలైలో ఒప్పందం రద్దు చేశారు. 1883లో ప్రశ్న అడిగినవాణ్ని రాజ్యం దాటించారు, 2008లో దావా వేస్తామని భయపెట్టారు. నూట పాతికేళ్లలో వచ్చిన మార్పు అంతే.

రెండోసారి 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఇది నిజంగా కట్టగలిగిన కంపెనీ, కట్టింది కూడా. ఈసారి కేంద్రం నుంచి 1,458 కోట్ల సాయం, 35 ఏళ్ల హక్కు, స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర దుకాణాలు, ఆఫీసులు కట్టుకుని అద్దెకు ఇచ్చుకునే వీలు. స్టేట్ బ్యాంకు ముందుండి పలు బ్యాంకులు కలిసి వేల కోట్ల అప్పు ఇచ్చాయి. 2017 నవంబరులో రైలు మొదలైంది. ఆ తర్వాత కరోనా, ఖాళీ పెట్టెలు, వడ్డీ భారం. 2025 మేలో కనీస టికెట్ 10 రూపాయల నుంచి 12కి, ఎక్కువలో ఎక్కువ 60 నుంచి 75కి పెంచి, జనం గోల చేశాక కొంచెం తగ్గించారు. అయినా నష్టమే అని సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి సిద్ధపడింది. తెలంగాణ ప్రభుత్వం దాదాపు 13,000 కోట్ల అప్పు తన మీద వేసుకుని, కంపెనీ వాటాకు ఇంకో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోను తీసుకోవడానికి ఒప్పుకుంది.

కంపెనీ మోసం చేసిందని నేను అనడం లేదు. వాళ్లూ నష్టపోయామనే అంటున్నారు, నిజమే అయ్యుండొచ్చు. నేను అడిగేది వేరు. పాలుకు తీసుకున్న రైతు పంట ఎండితే "అప్పు నువ్వు తీర్చుకో, నా వాటా నాకు ఇచ్చెయ్" అని పోలేడు. ఇక్కడ పోవచ్చు. ఎందుకంటే రైలు ఆగితే ఊరు ఆగుతుంది, ఊరు ఆగనివ్వలేం కాబట్టి ప్రభుత్వం ఎప్పుడూ దొరికిపోతుంది. ఢిల్లీలో విమానాశ్రయం రైలు మార్గం 2011లో మొదలైతే, రెండేళ్లకే 2013లో నడిపే కంపెనీ వదిలేసి పోయింది. ప్రభుత్వ సంస్థ ఢిల్లీ మెట్రో దాన్ని చేతికి తీసుకుని నడిపింది. పోయిన కంపెనీ పరిహారం కోసం కేసు వేసింది, 2017లో మధ్యవర్తులు వేల కోట్లు ఇవ్వాలన్నారు. చివరికి 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పదేళ్లు కోర్టులో, ఆ పదేళ్లూ రైలు నడిపింది మాత్రం ప్రభుత్వమే.

మన మహారాష్ట్ర టోల్ కథ మీ అందరికీ తెలిసిందే. కొల్హాపూర్‌లో ఊరి లోపలి రోడ్లు బాగుచేసి ముప్పై ఏళ్లు టోల్ కట్టమంటే జనం వీధుల్లోకి వచ్చారు. ఎన్.డి. పాటిల్, గోవింద్ పాన్సరే లాంటి పెద్దలు ముందు నడిచారు. 2015 డిసెంబరులో అక్కడ టోల్ ఎత్తేశారు. అదే ఏడాది రాష్ట్రంలో 12 నాకాలు మూసేసి, 53 నాకాల దగ్గర కార్లకు, జీపులకు, ఎస్టీ బస్సులకు మాఫీ ఇచ్చారు. 2024 అక్టోబరులో ముంబయి లోపలికి పోయే ఐదు నాకాల మీద చిన్న బండ్లకు మాఫీ అన్నారు. సంతోషం. కానీ మాఫీ అయిన టోల్ కంపెనీకి రాకుండా పోదు, ఒప్పందం ప్రకారం పరిహారం ఖజానా నుంచి పోతుంది. కారు ఉన్నాయన నాకా దగ్గర కట్టనిది, కారు లేని మా తాత అగ్గిపెట్టె కొన్నప్పుడు పన్నులో కడతాడు. ఛోటా హాథీ నడిపే బాపు రెండు దిక్కులా కడతాడు.

ఇప్పుడు నా ఉపన్యాసంలో చెప్పిన మాటలకు నేనే జవాబు చెప్పాలి కదా. మా సాంఘిక శాస్త్రం టీచరు ఈ వ్యాసం మొదటి ప్రతి చదివి, "అంతా ప్రభుత్వమే చేయాలంటే మీ తాత కాలంలో రోడ్లు ఎలా ఉండేవో తాతనే అడుగు" అన్నారు. అడిగాను. "రోడ్డెక్కడిదిరా, బండ్ల బాట" అన్నాడు. ఒప్పుకుంటాను. ప్రభుత్వం వేసిన రోడ్డు మొదటి వానకే కొట్టుకుపోవడం మనం చూశాం, కాంట్రాక్టరు దగ్గర కమీషన్లు తినడం గురించీ విన్నాం. శంషాబాద్ విమానాశ్రయం ఇలాంటి భాగస్వామ్యంతోనే 2008లో వచ్చింది, బాగుందనే అంటారు. కంపెనీ అంటేనే దొంగ అని రాస్తే అది వ్యాసం కాదు, తిట్టు.

కానీ ప్రభుత్వం చేతగానిది అయితే, చేతగాని ప్రభుత్వం తెలివైన కంపెనీతో ముప్పై ఏళ్ల ఒప్పందం ఎలా బాగా రాసుకుంటుంది? ఒక రోడ్డు చెడితే మళ్లీ వేసుకోవచ్చు. ఒప్పందం చెడితే ఒక తరం పోతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రజల డబ్బుతో కట్టిందే. దాని టోల్‌ను 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్లు ఒక కంపెనీకి ఇచ్చేశారు. అది తక్కువ అని కొందరు, సరిపోయింది అని కొందరు అప్పటి నుంచీ కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట సంతకానికి ముందు జరగాల్సింది. 2053లో ఆ రోడ్డు తిరిగి వచ్చేసరికి నాకు నలభై దాటుతాయి, ఇప్పుడు సంతకం పెట్టినవాళ్లు పదవుల్లో ఉండరు.

ఇంకో దారి లేదా అంటే మన పక్కనే నాగపూర్ ఉంది. అక్కడి మెట్రోను కేంద్రం, రాష్ట్రం సమాన వాటాలతో పెట్టిన సంస్థ కట్టింది. జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. 2019 మార్చిలో మొదలైంది. దానికీ మొదట్లో జనం అనుకున్నంత ఎక్కలేదు, దాని లెక్కలూ అంత తీపిగా లేవు. కానీ ఆ అప్పు ఎవరిదో మొదటి రోజు నుంచే తెలుసు. లాభం వస్తే మనది, నష్టం వస్తే మనది. పాలుకు ఇచ్చిన పొలం కన్నా ఇది సొంత సేద్యం.

ప్రైవేటు కంపెనీ వచ్చినా సరే, నేను అడిగేది చాలా చిన్నది. ఒప్పందం సంతకానికి ముందు ఇంటర్నెట్‌లో పెట్టాలి, మరాఠీలో పెట్టాలి. రోడ్డుకు ఎంత ఖర్చయింది, ఇప్పటిదాకా ఎంత వసూలైంది, ఏ తేదీన ఆగుతుంది అనే మూడు అంకెలు ప్రతి నాకా దగ్గర, డ్రైవరు బండి దిగకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయాలి. రేట్ల బోర్డు అంత పెద్దది పెట్టగలిగినప్పుడు ఇది పెట్టలేరా? బ్యాంకులో ఇంటి అప్పు తీసుకుంటే ఎన్ని వాయిదాలు మిగిలాయో కాగితం ఇస్తారు. రోడ్డు అప్పు తీర్చేవాడికి ఆ మర్యాద ఎందుకు లేదు? 2013లోనే కేంద్ర ప్రభుత్వం తన శాఖలకు రాసింది, భాగస్వామ్య పథకాల వివరాలు ఎవరూ అడగకముందే బయట పెట్టాలని. పెట్టి ఉంటే నాకా మీది పిల్లగాడు "వర్ విచారా" అనాల్సిన పని ఉండేది కాదు. పాపం వాడికి కూడా తెలియదు.

అఘోరనాథ్ గారి కాలంలో లేనిది ఒకటి మనకు ఉంది, 2005 సమాచార హక్కు చట్టం. దానికి వయసుతో పని లేదు. బాపు పేరు మీద దరఖాస్తు నేనే రాశాను. మూడే ప్రశ్నలు: ఖర్చు, వసూలు, చివరి తేదీ. మరాఠీ సార్ నా విభక్తులు నాలుగు చోట్ల దిద్దారు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, బాపు సంతకం చేశాడు. రిజిస్టర్ పోస్టులో వేసి రశీదు లెక్కల పుస్తకంలో పెట్టాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ వ్యాసం పత్రికకు ఇచ్చే నాటికి పదకొండు రోజులైంది. రోజూ సాయంత్రం బండి ఆపి బాపు అడిగే మొదటి మాట, "పోస్టు వచ్చిందా?"